మట్టి నీళ్లు

గోజ్జాం కొండమీద గుండ్రటి చర్చి,
శుభ శుక్రవారానికి ముందటి సాయంత్రం.
కూజా పట్టుకున్నది నేను.
వరసలో చివర యెషిమెబెత్, కుండలు చేసే మనిషి.
ఆవిడ చూపు తగిలితే పాలు విరుగుతాయని
మా అమ్మే చెప్పింది.

పాదాలు శాలువా కిందికి లాక్కుంది:
"నాకొద్దు తండ్రీ, ఈ మట్టి వదలదు."
అబ్బా మెర్షా వినిపించుకోలేదు.
వంగుతుంటే ముసలి మోకాళ్లు పటుక్కుమన్నాయి.

మడమల పగుళ్లలోంచి ఎర్రమన్ను దిగి
నీళ్లు చిక్కబడ్డాయి.
వేళ్ల మధ్య నలిపి చూశాడాయన.
"దేవుడు మొదట చేయిపెట్టింది
దీనిలోనేనమ్మా."

"ఇసుక కాస్త ఎక్కువుంది," అంది ఆవిడ,
మొదటిసారి తలెత్తి.

అబ్బా నవ్వాడు.
ఆ పాదాన్ని ముద్దుపెట్టుకున్నాడు.

ఆ రాత్రి అమ్మనడిగాను,
మనం నీళ్లు తాగే కుండ ఎవరు చేశారని.
అమ్మ దీపం ఒత్తి సరిచేస్తూ ఉండిపోయింది.