రిమార్కుల గడి

పంచనామాలో ఒంటె ఒకటి అని రాశారు.
ఆడది, వయసు ఏడేళ్లు, ఎడమ చెవికి గాటు.
పూసపాటిరేగ దగ్గర హైవే మీద లారీ ఆపి
అర్ధరాత్రి టార్చి వెలుగులో రాసిన కాగితం.
పిల్ల ఊసు అందులో లేదు.

తెల్లారాక గరివిడి పశువైద్య కళాశాల వెనక షెడ్డులో
నేను పొదుగు తడిమి చూస్తే
రాయిలా బిగుసుకుని ఉంది.
పిల్ల అక్కడుంది.

నా పరిశోధన మెట్ట పశువుల పాల మీద.
నీళ్లు తక్కువ తాగే గొర్రె, ఎండకు ఓర్చే మేక,
వాటి వెన్న శాతం, ఉప్పు శాతం.
ఒంటె గురించి చదివానే తప్ప
దాని కనురెప్పల వెంట్రుకలు రెండు వరుసలని
ఎదురుగా నిలబడేదాకా నమ్మలేదు.
మా గైడుగారు ఫోన్లో సంబరపడ్డారు:
"అదృష్టమమ్మా, శాంపిల్ నడిచొచ్చింది."

మొదటి రోజు సున్నా. రెండో రోజు సున్నా.
మూడో రోజు గిన్నె తన్నేసింది.
నాలుగో రోజు గడిలో సున్నా చుట్టబోతుంటే
షెడ్డు ఊడ్చే గేదెల బుచ్చన్న చీపురు ఆపి
"గుంట లేకండా ఏ తల్లి సేపుతాదమ్మా?" అన్నాడు.

ఇంటిపేరులోనే గేదెలున్న మనిషి.
సొంతానికి ఒక్కటీ లేదిప్పుడు.
తిత్లీ గాలికి పాక కూలి ఉన్న రెండూ పోయాక
వజ్రపుకొత్తూరు నుంచి ఇటొచ్చేశాడు.
దూడ చచ్చిన గేదె ముందు
గడ్డి కుక్కిన తోలుదూడ నిలబెట్టి పితికేవాడట.
ఇక్కడ తోలు లేదు.
మర్నాడు పోలీస్ స్టేషను నుంచి
లారీలో పరిచిన గోనెపట్టా ఒకటి తెచ్చాడు.
ఎలా తెచ్చాడో నేనడగలేదు.
ఉచ్చ మరకలు, తుమ్మముళ్లు,
ఒక మూల లేత గోధుమరంగు బొచ్చు.

ఒంటె మెడ వంచింది.
నూతిలోకి చేద దిగినంత నెమ్మదిగా దిగిందా మెడ.
మూతి ఆనించి వాసన చూసింది.
గొంతులో ఎక్కడో ఎసరు కాగుతున్న చప్పుడు.
కూర్చుంటే అందని పొదుగు;
బుచ్చన్న ఒంటికాలి మీద నిలబడి
రెండో మోకాలి మీద చెంబు ఆనించాడు.
నురగ. చెంబంతా నురగ.

లీటరున్నర. వెన్న మూడు శాతం.
ఒంటి వేడి పొద్దున్న ముప్పై ఆరు, మధ్యాహ్నం ముప్పై తొమ్మిది.
రిమార్కుల గడి చిన్నది. 'గోనె' అని రాశాను.
గైడుగారు దాని చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి
ఇదేమిటన్నారు.

బుచ్చన్న ఒక గ్లాసు ఇంటికి పట్టుకెళ్లి తోడేశాడు.
"రెండ్రోజులైనా నీళ్లేనమ్మా.
తోడు లేన్దాని పాలు, తోడెలా కడతాయిలే."
మాట బాగుంది. నిజం కాదు.
పిల్ల పక్కనే ఉన్నా, మందలో ఉన్నా ఒంటె పాలు గట్టిగా తోడుకోవు,
అందులో మాంసకృత్తుల అమరికే వేరు.
అదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు,
నేనింకా చిన్నపిల్లనన్నట్టు.

తర్వాత వానలు పట్టుకున్నాయి.
నీళ్లు లేని చోట బతకడం దానికి తెలుసు,
నీళ్లలో బతకడం తెలీదు.
తొడల మీద గజ్జి లేచింది, మూపురం ఒక పక్కకి జారింది.
గర్భాం గనుల గుట్టల మీంచి బుచ్చన్న
తడిసిన తుమ్మకొమ్మలు మోసుకొచ్చేవాడు,
వీపంతా గీరుకుపోయి.
పాలు లీటరైంది, అరలీటరైంది.
ఆ అంకెలూ రాశాను.

కోర్టు కాగితం వచ్చిన రోజు ఎండ కాసింది.
ఒంటె ఒకటి, రాజస్థాన్‌కు పంపడమైనది, సంతకం చేయండి.
లారీ తలుపు వేసేముందు
బుచ్చన్న గోనెపట్టా నాలుగు మడతలు పెట్టి లోపలికి అందించాడు.
కానిస్టేబులు జాబితా మీద వేలు నడిపి
"ఇది ఇందులో లేదే" అన్నాడు.

పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.
ఒంటె ఒకటి. దాని కింద రాశాను:
గోనెపట్టా ఒకటి.