వెల్లకిలా

ఒరూరోలో జూన్ అంటే
ల్యాబు తాళంచెవి కూడా వేళ్లకి అంటుకునే చలి.
సెవెరినా మేడమ్ ముందు టీకి నీళ్లు పెడుతుంది,
తరవాతే సోల్డరింగ్ ఐరన్లు.
ఇంత ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి గానీ
చేతులకి ఆ తొందర ఉండదు.

మొదటి నెలంతా కంప్యూటర్ తెర మీదే.
ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి తెల్ల గీతలు,
ఒకటి విప్పితే రెండు చిక్కుపడేవి.
"దారి మీదుగా దారి వెయ్యకు," అనేది మేడమ్,
"చుట్టు తిరిగి పో,
సంతలో అప్పిచ్చినవాడు కనబడ్డట్టు."

చుట్టు తిరిగాను.
ఒకే ఒక్క రెసిస్టర్‌ని పదకొండుసార్లు జరిపాను.
రాత్రి కళ్లు మూస్తే రెప్పల వెనక కూడా
నలభై ఐదు డిగ్రీల మలుపులు.

బోర్డు మా చేతుల్తోనే చేసుకోవాలి.
పాత పత్రికలోని నున్నటి కాగితం మీద అచ్చు తీసి
రాగిరేకు మీద బోర్లించి
ఇస్త్రీపెట్టెతో అదిమాను.
(మా పిన్నిది. అడిగి తేలేదు.)
నీళ్లలో నాననిచ్చి బొటనవేలితో రుద్దితే
సబ్బు ప్రకటనలో ఆమె నవ్వు ముందు ఊడిపోయింది,
ఆమె మెడ, ఆమె నురగ,
అన్నిటి కిందా
నా దారులు, నల్లగా.

ఫెర్రిక్ క్లోరైడ్‌ది తుప్పురంగు ఆకలి.
కప్పి ఉంచింది వదిలేసి
మిగతా రాగినంతా తినేస్తుంది.
ఎలియో చొక్కా మీద ఒలికిన మరక
అచ్చం చిలీ పటంలా పొడుగ్గా దిగింది.
సముద్రాన్ని వాళ్లకి పోగొట్టుకున్న దేశంలో
ఆ చొక్కా తొడుక్కుని తిరగాలంటే గుండె ఉండాలి.
వాడికి ఇంకో చొక్కా లేదు, అంతే.

చిప్పుకి ఎనిమిది కాళ్లు.
రంధ్రాల్లో దూర్చి, తీగలు పోల్చుకుని, అప్పుడు చూశాను:
ఒకటో కాలు ఉండాల్సిన చోట ఎనిమిదోది.
బొమ్మని ఇస్త్రీ ఎలాగూ ఒకసారి తిప్పుతుంది.
జాగ్రత్త కొద్దీ
నేనూ ఒకసారి తిప్పాను.

మేడమ్ తిట్టలేదు. బోర్డుని వెలుతురుకి పట్టి చూసింది.
"వెల్లకిలా పడుకోబెట్టు," అంది.
చచ్చిన బొద్దింకలా కాళ్లు పైకెత్తిన చిప్పు,
కాలుకో వెంట్రుకంత తీగ,
ప్రతి తీగా కిందికి దిగి తన రంధ్రం వెతుక్కోవాలి.

అది ల్యాబులో అయ్యే పని కాదు.
ఐరన్ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను, సోల్డరు చుట్టతో సహా.
తాత తిబుర్సియో ముప్పై ఒక్క ఏళ్లు కొండ లోపల ఉన్నాడు.
చుట్టని అరచేతిలో తూచి
"తగరమా?" అన్నాడు.
అరవై పాళ్లు, అన్నాను. మిగతాది సీసం.
ఎక్కడిదన్నాడు. లేబుల్ మీది దేశం పేరు చదివాను,
పటంలో దాన్ని వెతకడానికి ఇద్దరికీ కాసేపు పట్టింది.
ధర చెప్పాను.
నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది,
దగ్గు చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"స్వచ్ఛమైన తగరం కడ్డీని
చెవి దగ్గర పెట్టుకుని వంచితే ఏడుస్తుంది, తెలుసా?
సన్నగా, చిటపటమని.
మేం ఒకళ్లకొకళ్లం వినిపించుకునేవాళ్లం."
సోల్డరు తీగని చెవి దగ్గర వంచాను.
ఏమీ లేదు.
"సీసం కలిపారుగా," అన్నాడు, "నోరు మూసుకుంటుంది."

మూడు అతుకులు మసకబారాయి, తీసి మళ్లీ పెట్టాను.
అతుకు మెరవాలి, చిన్న కొండలా నిలబడాలి.
అతుకు చల్లారేదాకా తీగ కదలకుండా
పట్టకారు పట్టుకున్నది తాతే.
మామూలుగా గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి అది.

అర్ధరాత్రి దాటాక బ్యాటరీ తగిలించాను.
ఎర్ర దీపం వెలిగింది.
సెకనుకొకసారి ఆరి వెలగాలని లెక్క కట్టాను,
అది పిచ్చిపట్టినట్టు గబగబా కొట్టుకుంటోంది.
కెపాసిటర్ తప్పు పెట్టి ఉంటాను.

"మార్చకు," అన్నాడు తాత,
"ఈ రాత్రికి."