నాలుగుంపావు పడవ

శుక్రవారం నాలుగుంపావు పడవలో
టీ కౌంటరు వెనక నిలబడి నవలలు రాస్తాను.
ముందు చెవితో. కాగితం తర్వాత.

కర్క్‌వాల్ హాస్టల్లో వారమంతా ఉండి
దీవుల్లో ఇళ్ళకి పోయే బడిపిల్లలు
తడి సంచుల వాసనతో మెట్లెక్కి వస్తారు.
కింది డెక్కు మీద ట్రాక్టరు టైర్లు, ఎవరివో పదకొండు గొర్రెలు.
చిప్స్ మీద వెనిగర్ చల్లుతూ నేను తలెత్తను.
ఆ వయసు మాట పీతలాంటిది,
నీడ పడితే చాలు, రాతికిందికి పోతుంది.

"మా అమ్మకి నేనిష్టమే,
నేనున్న గదే ఇష్టం లేదు" అంది ఒకతె
నిరుడు మార్చిలో, కెచప్ పొట్లం పంటితో చింపుతూ.
బిల్లు వెనక రాసుకున్నాను. ఇంకా ఉంది నా దగ్గర:
రెండు టీలు, ఒక బేకన్ రోల్, ఒక అధ్యాయం.

నాకు యాభై మూడేళ్ళు. పేరు ఇష్బెల్ ఫ్లెట్.
అట్ట మీదా అదే పేరు. మారుపేరు పెట్టుకుందామంటే
మా దీవిలో కుక్కలు కూడా గుర్తుపడతాయి.

మొదటి నవల మూడొందల పన్నెండు కాపీలు పోయింది.
నలభై మా అత్త కొన్నవే.
ఇప్పటికీ ప్రతి పెళ్ళికీ ఒకటి చదివిస్తుంది,
ఎవరూ చదవరు.

రెండోదానికి ఎడిన్‌బరో ఎడిటరు
"తల్లిని మొదటి అధ్యాయంలోనే చంపేయండి,
పిల్ల కథ అప్పుడే కదులుతుంది" అంది.
చంపాను.
మూడు వారాలు అమ్మకి ఫోను చెయ్యలేకపోయాను.
దానికే బహుమతి వచ్చింది.
ఆ డబ్బుతో వంటింటి కప్పు వేయించాను.
ఇప్పుడు ఎంత వానొచ్చినా ఇల్లు కురవదు,
ఆ కురవకపోవడం నాకు రాత్రంతా వినబడుతుంది.

ఎలా రాస్తారని అడుగుతారు బళ్ళల్లో.
తెల్లారి ఐదింటికి, ఓవెన్ తలుపు తెరిచి
వెచ్చగా పాదాలు అక్కడ పెట్టుకుని, అంటాను. నవ్వుతారు.
మిగతాది చెప్పను:
పదిహేనేళ్ళ నన్ను గుర్తు తెచ్చుకుంటే లాభం లేదు,
గుర్తున్నది అందర్నీ క్షమించేసినామె.
ఎవర్నీ క్షమించనిది ఒకతి ఉండేది,
దాని చిరునామా కావాలి.

పోయిన చలికాలం
స్ట్రాన్సే కుర్రాడు ఎర్లెండ్ స్కీ
నా మూడో నవల కౌంటరు మీద పెట్టాడు, ఎనభై ఎనిమిదో పేజీ తెరిచి.
"మా నాన్నమ్మ పేరుని ఇకనుంచి ఇంకెవడో నడుపుకుంటాడు."
"ఇది నా మాట. నాన్న పడవ అమ్మేసిన రోజు
మా చెల్లితో అన్నాను. మీరు చేపలు వేయిస్తున్నారు."

చేతులు తుడుచుకున్నాను. అవునన్నాను.
డబ్బు అడుగుతాడేమో అనుకున్నా,
సిగ్గులేదు నాకు, మనసులో లెక్క కూడా వేశాను.

"మాట ఉంచుకోండి.
కానీ ఇందులోవాడు ఆ తర్వాత ఏడుస్తాడు.
నేను ఏడవలేదు."

అచ్చయిపోయింది బాబూ అన్నాను.
నా జేబులో పెన్ను తనే తీసుకున్నాడు.
నాలుగు పంక్తులు,
మూడు రాత్రులు చెక్కిన పంక్తులు,
ఒకే గీతతో కొట్టేసి పైన రాశాడు:
గొర్రెలకి మేత వేశాడు.

పడవ ఓ పక్కకి ఒరిగింది. కప్పులు గలగలమన్నాయి.
ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నాను.

చిప్స్ ఊరికే తీసుకోమంటే తీసుకోలేదు.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు, ఐదు పెన్నీలు ఎక్కువే.

ఇప్పుడు పిల్లలు నా దగ్గరికొస్తే గొంతు తగ్గిస్తారు.
న్యాయమే.
నాలుగో నవల నలభయ్యో పేజీలో లంగరు వేసింది.

ఈ శుక్రవారం ఎర్లెండ్ వచ్చి టీ అడిగాడు.
కప్పు పట్టుకుని, కిటికీతో అన్నట్టుగా,
ఇంజను మోతకి పైన, కావాలనే కొంచెం గట్టిగా
ఒక వాక్యం అన్నాడు.

బిల్లు చించి ఇచ్చాను.
వెనక్కి తిప్పలేదు.