రిబ్బన్లు విప్పేవాడు

నా పని అందరికంటే వెనక నడవడం.
పరిగెత్తేవాళ్లంతా దాటిపోయాక
కొమ్మకొమ్మకూ కట్టిన గులాబీరంగు రిబ్బన్లు విప్పుకుంటూ
అడవిని అడవికి అప్పజెప్పి రావడం.
శుక్రవారం కట్టినవి రెండు వందల పన్నెండు.
లెక్క రాసిన కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను.

సెప్టెంబరు. సుపీరియర్ సరస్సు మీంచి
తడి దుప్పటి దులిపినట్టు గాలి.
మేపుల్ చెట్లు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదు,
ఎక్కడో ఒక కొమ్మ తొందరపడింది.
సీడార్ వేళ్లు దారికి అడ్డంగా
ముసలి చేతి మీద నరాల్లా ఉబ్బి ఉంటాయి;
వాటికి మొక్కని మోకాలు మా కౌంటీలో లేదు.

మొదట వెళ్లిన కుర్రాడెవరో నాకు ఏ ఏడూ తెలీదు.
వాడి అడుగు మాత్రం తెలుసు:
బురదలో మునివేళ్లే, మడమ ఉండదు.
దాని మీద ఇంకో మూడొందల అడుగులు.
అన్నిటి మీదా, అన్నిటికంటే లోతుగా, ఆమెది.

లొరెయిన్ నీమి. యాభై ఎనిమిదేళ్లు.
కౌంటీ వాళ్ల మంచు తోసే లారీ నడుపుతుంది.
నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, తెల్లారగట్ల మూడున్నరకి,
మా వీధిలో మొదటి వెలుతురు ఆ బండిదే.
బడి బస్సు, పాల లారీ, అంబులెన్సు,
అంబులెన్సు ఆలస్యమైతే వచ్చే ఆ పొడుగాటి నల్లకారూ,
అన్నీ ఆమె గీసిన గీత మీదే నడుస్తాయి.
ఆ శనివారం ఆమె వెనక నేనొక్కణ్ణే.

నలభై అడుగుల ఎడం. అది మర్యాద.
తరిమినట్టు ఉండకూడదు, వదిలేసినట్టూ ఉండకూడదు.
ఆమె ఆగితే నేను ఏదో పుట్టగొడుగుని చూస్తూ ఆగుతాను.
ఆ రోజు చాలా పుట్టగొడుగుల్ని చూశాను.

ఊబినేల మీద చెక్కబాట దాటి
మూడో మజిలీ చేరేసరికి రెండూ నలభై ఒకటి.
గడువు రెండున్నర.
బల్ల మడిచేశారు. నీళ్ల డబ్బా బోర్లించి ఉంది.
గడియారం పట్టుకున్న పదిహేడేళ్ల పిల్లాడు
ఆమె మొహం చూడకుండా చెయ్యి చాపాడు,
ఛాతీ మీది నెంబరు ఇచ్చెయ్యమని.

నాలుగు పిన్నీసులూ ఒక్కొక్కటే తీసింది.
నెంబరు వాడికిచ్చి, పిన్నీసులు జేబులో వేసుకుని,
నావైపు తిరిగింది.
"ఇక నేను పందెంలో లేను కదా.
శనివారం అడవిలో నడిచే మనిషిని.
దానికేమన్నా గడువుందా?"
లేదన్నాను.
"అయితే ఆ సంచీ తెరిచి పట్టు. ఎడమవైపువి నావి."

మిగిలిన ఆరు మైళ్లూ
మా ముందు ఎవరూ లేరు, కాబట్టి మేం వెనకా లేం.
ముడి బిగిస్తే పంటితో లాగేది.
పెద్దగా మాట్లాడుకోలేదు.
ఒకచోట, నల్లరాతి ఒడ్డున, బూట్లు విడిచి
నీళ్లలో పాదాలు పెట్టి ఒక బూతుమాట అంది.
ఆ చలికి అదే సరైన మాట.
దూరంగా లూన్ పిట్ట మునిగింది.
ఎక్కడ తేలుతుందోనని పందెం కాశాం.
ఇద్దరం ఓడిపోయాం.

మేం చేరేసరికి గాలి నింపిన తోరణం
చప్పబడి గడ్డి మీద పడుకుని ఉంది.
కుండ అడుగున చిక్కుడుగింజల సూపు, చల్లారిపోయి.
ఒకే గరిటెతో వంతులవారీగా తాగాం.
రిబ్బన్లు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.
రెండు వందల పదకొండు.
నిర్వాహకుల కాగితంలో, తగ్గిన ఒకటికి కారణం అన్న చోట,
"ఉడుత" అని రాసి సంతకం పెట్టాను.

నిన్న రాత్రి పద్నాలుగు అంగుళాల మంచు.
మూడున్నరకి కిటికీ పసుపుపచ్చగా వణికింది.
లేచి వెళ్లి అద్దం మీది ఆవిరి తుడిచి చూశాను.
లారీ పక్క అద్దానికి కట్టి, ఎదురుగాలికి కొట్టుకుంటూ,
గులాబీరంగు ఉడుత.