స్టేప్లర్

మా ల్యాబులో అన్నిటికన్నా చవకైన పనిముట్టు
స్టేప్లర్.

జబ్బుపడ్డ కంది ఆకును తెచ్చి
పదిహేను రోజుల లేత మొక్క ఆకు మీద మడిచి
టక్కున పిన్ను కొడతాను.
తెంపిన ఆకు వాడేకొద్దీ
నల్లి ఇల్లు మారుతుంది.
దాని నోట్లో ఉన్నదీ మారుతుంది.

పటాన్‌చెరులో ఇది నా పదకొండో వానాకాలం.
ఇన్నేళ్లలో ఉత్త కంటితో ఒక్క నల్లినీ చూడలేదు.
కాళ్లు చాలవు, రెక్కలు లేవు,
గాలి ఎక్కుతుంది, అంతే.
నేనెక్కిన రెండొందల పంతొమ్మిది లింగంపల్లి దాటకముందే
అది బీరంగూడ గట్ల మీద దిగిపోతుంది.

ఈ తెగులు మొక్కను చంపదు.
పక్క సాలులో కాయలు ఎండి గలగలమంటుంటే
ఇది ఇంకా చిన్నచిన్న ఆకులు తొడుగుతూ
గుబురుగా, పచ్చగా, ఒక్క పువ్వూ లేకుండా.
రోడ్డు మీది నుంచి చూసినవాడు
పంట బాగుందనే అంటాడు.

రిజిస్టర్లో పేరు రాస్తున్నాను, పుస్తకంలో ఉన్నట్టే: గొడ్డుమోతు తెగులు.
చదివి వినిపించమంది కలుపు తీస్తున్న బుచ్చవ్వ.
విని, కొడవలి కింద పెట్టి
"గా మాట కొట్టెయ్ సారూ.
పూత రాలేదని రాయి.
చెట్టేం జేసింది?"

కొట్టేశాను.

రాత్రి జెల్ మీద గీతలు వెలిగాయి.
ముక్కలు ముక్కలుగా దాని జాతకం,
ఐదు స్పష్టంగా ఉన్నాయి.
ఆరోది ఉందో, నా కళ్లు కోరుకున్నాయో
సోమవారం మళ్లీ చూడాలి.

చందానగర్‌లో మా గోడ పక్క
కుల్సుం బీ చిలక పంజరం వేలాడేసిన కంది చెట్టు.
నాలుగేళ్లది. "ఎన్నడూ ఎండదు బేటా, బర్కత్ చెట్టు" అంటుంది.
రోజూ దాని కిందే చెప్పులు విప్పుతాను.
ఇవాళ మొదటిసారి ఆకు తిప్పి చూశాను:
లేత పసుపు, ముదురు పచ్చ, మళ్లీ లేత పసుపు.

ఎవరు తెచ్చారు?
గాలా, నా చొక్కానా?
గోడకవతల ఇప్పుడు చేలు లేవు, టవర్లే.
కొల్లూరులో మాత్రం ఎవరిదో రెండెకరాల కంది
ఇంకా అమ్ముడుపోలేదట.
గాలికి ఆ దూరం ఎంత!

పీకెయ్యమని చెప్పాలి. రేపు చెప్తాను.
నాలుగాకులు తెంపి కవర్లో వేసి
నమూనా రెండొందల పన్నెండు, చందానగర్, పూత లేదు
అని రాసి
జేబులో స్టేప్లర్ కోసం వెతుక్కుంటుంటే
పంజరంలోంచి చిలక
టక్కుమంది.