ఇతరములు

పూతలపట్టు రోడ్డులో మా మామిడిగుజ్జు సొసైటీకి
కొత్త బడ్జెట్ సాఫ్ట్‌వేర్ వస్తా ఉంది.
అది వచ్చేలోగా పాత పద్దులన్నిటికీ నంబర్లు పెట్టాలంట.
నూట పద్నాలుగు పద్దులు.
ఇరవై రెండేళ్ళుగా వాటిని పేరు పెట్టే పిలిచినాను.

బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లోడు ఇర్ఫాన్
గోడకు పసుప్పచ్చ చీటీలు అంటించినాడు.
చీటీకొక పని, చీటీకొక తేదీ.
ఫ్యాను వేస్తే డిసెంబరు ఎగిరి ఆగస్టు పక్కన పడతా ఉంది.
"జులై ఒకటిన మారిపోదాం మేడమ్"
మేనేజరు దశరథరామిరెడ్డి అప్పుడే తలూపేసినాడు.

జులైలోనా?
తోతాపురి లారీలు వంతెన దాకా నిలబడి
డ్రైవర్లు టైర్ల నీడలో నిద్దరపోయే నెలలోనా?
పాస్‌వర్డ్ మర్చిపోతే
కాయ ఆగుతుందా నాయనా, మాగకుండా?

ఆ చీటీని తనే పీకి జేబులో పెట్టుకున్నాడు.
మంచోడే.
నవంబరు మూడు అని ఇంకోటి రాసినాడు.

బాయిలరు, డబ్బాలు, కాటా రిపేరు,
వీటితో తిప్పలు లేవు.
'బావి పూడిక' దగ్గర ఆగినాం.
ఆ బావిని మూసేసి పదకొండేళ్ళు.
ఏడాదికి నాలుగు వేలు మాత్రం
దాంట్లో పడతానే ఉన్నాయి.
"ఇది తీసేద్దామా?"
నాకు తెలుసు. చెప్పేదానికి నోరు రాలా.

కాయ తరిగే ఆడోళ్ళ చేతులకు
సొన కాలి పుండ్లు పడితే పూసుకునే కొబ్బరినూనె అది.
చెంగల్రాయులు సారు చేసిపోయిన ఏర్పాటు.
నూనె అని రాస్తే ఆడిట్ వాళ్ళు
ఎవరి వంటింటికని అడుగుతారని
బావిలో వేసినాడు.

ఇర్ఫాన్ కాసేపు నా చేతుల వైపు చూసినాడు.
'చేతుల నూనె' అని కొట్టి
ఐదువేల రెండువందల ఏడు ఇచ్చినాడు.

'ఇతరములు' మాత్రం కుదరదంట.
కొత్తది ప్రతిదానికీ వివరం అడుగుతుంది,
పది అక్షరాలకు తక్కువైతే ఒప్పదు.
గేటు కాడ కుక్కకు పోసే పాలకు
ఏమని వివరం రాసేది?
దానికి ఇంతవరకు పేరే పెట్టలేదు మేము.

నేనొకటి అడిగినాను, సిగ్గుపడతానే.
కొత్త పుస్తకం తెరిస్తే మూలకు పసుపు పూసి
మొదటి వరసలో 'శ్రీ' రాస్తాము కదా,
దీంట్లో యాడ రాసేదబ్బా?

నవ్వుతాడనుకున్నా. నవ్వలా.
పైన ఒక వరస చేర్చి శ్రీ అని పెట్టినాడు.
మొత్తం దగ్గర సున్నా వేస్తే ఎర్రగా మొత్తుకునింది.
"సరే, ఒక రూపాయి"

ఆ మాట ఇద్దరమూ మర్చిపోయినాం.

అక్టోబరులో పాత లెక్కా కొత్త లెక్కా
పక్కపక్కన పెడితే
రూపాయి తేడా.
రెండు సాయంత్రాలు వెదికినాం.
జమీలా రసీదులు మళ్ళీ కూడింది,
ధనపాల్ క్యాలిక్యులేటర్ బ్యాటరీ మార్చినాడు.
గ్రీమ్స్‌పేటకు ఫోన్ చేస్తే
చెంగల్రాయులు సారు దగ్గుతా దగ్గుతా అన్నాడు:
"వెయ్యి తేడా వస్తే మనిషిని చూడు,
రూపాయి తేడా వస్తే మరుపును చూడు."

అప్పుడు తెలిసింది.
ఇర్ఫాన్ నెత్తి కొట్టుకుని చెరిపేదానికి పోతే
ఉండనీ అన్నాను.
పాత పుస్తకం తీసి
శ్రీకి రూపాయి కేటాయించినాను,
బోర్డు తీర్మానం లేకుండా,
నా సర్వీసులో మొట్టమొదటిసారి.
రెండూ సరిపోయినాయి.

ఈరోజు నవంబరు రెండు.
అందరూ ఇండ్లకు పోయినారు.
నూట పదమూడు వరసలు పచ్చగా ఉండాయి.
పైనున్న మొదటిది మాత్రం
వివరం, వివరం అని వెలిగి ఆరతా ఉంది.

శ్రీ ఒక్క అక్షరం.
ఇంకా తొమ్మిది కావాలి.
టీ తెచ్చుకుని కూర్చున్నా.