స్విచ్ ఉండాల్సిన చోట

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో
హెడ్‌లైట్లేసుకుని వచ్చాడు బెనర్జీ
ఆటోనగర్‌లో నా షెడ్డు ముందుకి.
కారు కొన్నది మొన్న గురువారం.
"మీరా భాయ్, దీనికి పిచ్చి పట్టింది.
బెంజి సర్కిల్ నుంచి ఇక్కడిదాకా
ఎదురొచ్చిన ప్రతివాడూ
అయిదువేళ్ళూ విచ్చి మూస్తున్నాడు.
ఆ వైరేదో కోసెయ్."

కోసెయ్ అనే అంటారందరూ.
ఇరవయ్యారేళ్ళుగా వింటున్నాను.
కొయ్యడానికి నిమిషం చాలు.
ఎందుకు వెలిగిందో తెలియాలంటేనే
ఒక టీ తాగాలి.

టీ వచ్చేలోగా చెప్పాను:
ముందద్దం కింద, డాష్‌బోర్డు నడిమధ్యన
నల్ల శనగగింజంత బుడిపె ఉంది చూడు,
అదే దీని కన్ను.
దానికి నువ్వూ తెలీదు, నేనూ తెలీదు, గడియారమూ తెలీదు.
వెలుగు పడితే దాన్లో కరెంటు పుడుతుంది
చీమ నడకంత.
పొద్దు వాలేకొద్దీ ఆ నడక సన్నగిల్లుతుంది.
ఇంతకన్నా తగ్గితే రాత్రి అని
ఫ్యాక్టరీలో ఎవరో గీత గీశారు.
గీత దిగగానే లోపలి పెట్టెకి కబురెళ్తుంది,
టిక్కుమంటుంది రిలే,
దీపాలు పెడుతుంది.

ఫ్లైఓవర్ కింద దూరి బయటికొస్తే
వెంటనే ఆర్పదు. కాస్త ఆగుతుంది,
మా దాదీ లాంతరు ఆర్పేముందు
గుమ్మంలోకొచ్చి మరోసారి ఆకాశం చూసినట్టు.
ఆర్పడానికి ఇంకో గీత, కొంచెం పైన.
గీత ఒక్కటే అయితే సందెవేళంతా
దారినపోయేవాళ్ళకి కన్ను కొడుతూ
నీ పరువు తీసేది.

"మరి ఆ తెల్ల చారలో?"

అవి వేరు. పగటి దీపాలు.
ఇంజను తిరిగితే వెలుగుతాయి.
నీకు దారి చూపించడానికి కాదు బెనర్జీ,
దారికి నిన్ను చూపించడానికి.
ఇండికేటర్ వేస్తే ఆ పక్క చార మసకబారుతుంది, గమనించావా,
పక్కవాడు మాట్లాడుతుంటే గొంతు తగ్గించినట్టు.
రామవరప్పాడు రింగులో ఆపాటి మర్యాద
మనుషులకి లేదు.

టీ వచ్చింది. వంగి చూశాను.
బుడిపె మీద ఎర్రగా, పసుప్పచ్చగా, పెచ్చుకట్టి...
కొండ కింద బండి పూజ.
స్టీరింగుకి, అద్దానికి, తాళానికి పెడుతూ పెడుతూ
కంటికి కూడా నిండుగా పెట్టేశాడు పూజారి.
పాపం, ఆ రోజు నుంచీ
ఈ కారుకి తెల్లారలేదు.

గోటితో గీకాను. తడిగుడ్డతో తుడిచాను.
రాలిన కుంకుమ నేల మీద పడెయ్యబుద్ధి కాలేదు,
బానెట్ మీద బొట్టు అంచుకి అద్దాను.
ఓ క్షణం ఆగి
టిక్.
ఆరిపోయాయి.
ఇంతేనా అన్నట్టు బెనర్జీ యాభై తీశాడు.

ఆగు, అసలు మాట ఇంకా ఉంది.
ధనుర్మాసం తెల్లవారుజామున వారధి మీద
మంచు ఎలా ఉంటుంది? తెల్లగా.
దీనికి తెలుపంటే పగలే.
ముందు చారలు వెలుగుతుంటాయి,
అన్నీ వెలుగుతున్నాయనుకుంటావు.
వెనక ఎర్రదీపం ఒక్కటుండదు.
ఎదురొచ్చేవాళ్ళకి నువ్వున్నావు,
వెనకొచ్చేవాడికి లేవు.
నా మోకాలికి పదకొండు కుట్లు.
లైట్లున్నాయనే ఒట్టేశాడు ఆ కారబ్బాయి.
అబద్ధం చెప్పలేదతను.

మంచులో 'ఆటో' అన్న మాట నమ్మకు.
చెయ్యి పెట్టి తిప్పు.

సాయంత్రం షట్టరు దించి స్కూటరు తీశాను.
దీనికి కన్నూ లేదు, గీతా లేదు,
నడిచినంతసేపూ వెలుగుతుంది.
పటమట సిగ్నల్ దగ్గర ఎండ ఇంకా పోలేదు.
అవతలి వైపు, తల్లి ముందు బండి మీద నిలబడ్డ పిల్లాడు
నన్ను చూసి అయిదువేళ్ళూ విచ్చాడు, మూశాడు,
మళ్ళీ విచ్చాడు.
ఎవరు నేర్పారో.

కొత్త బళ్ళకి ఆర్పే వీల్లేదని
అరిచి చెప్పొచ్చు.
నా బొటనవేలు మాత్రం
ఒకప్పుడు స్విచ్ ఉన్న చోటికి వెళ్ళింది.
నొక్కినట్టే నొక్కి, తల ఊపాను.
వాడు తృప్తిగా అటు తిరిగాడు.